జూలై పరీక్ష

"గొడుగు, సబ్బు, చీమ..." అని ఆగిపోయాడు కోర్మక్.

"ఇంకా?" అంది టీమ్ డాక్టర్ మల్కహి.

కోర్మక్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆవిడ ఆ పది మాటలూ చదివి వినిపించి ఎంతోసేపు కాలేదు. బయట లిమరిక్ ఊరి వాన కిటికీని బాదుతోంది. నాలుక చివర ఏదో ఆడుతోంది కానీ బయటికి రానంటోంది.

"వంతెన."

"నేను వంతెన అనలేదు. సరే, వదిలెయ్. డిసెంబరు నుంచి నెలలు వెనక్కి చెప్పు."

"డిసెంబరు, నవంబరు, అక్టోబరు... సెప్టెంబరు... జూలై. కాదు కాదు, ఆగస్టు. ఆగస్టు తర్వాత..."

మెడ మీద చెమట పట్టింది. పోయిన శనివారం క్లబ్బు రగ్బీ మ్యాచ్‌లో ఎవడిదో మోకాలు అతని కణతకు తగిలింది. లేచి నిలబడ్డాడు, నవ్వాడు కూడా. మర్నాడే దేశం జట్టు నుంచి కబురొచ్చింది. ముప్పై రెండేళ్ళొచ్చాయి, ఇక ఈ జన్మకు లేదులే అని ఆశ వదులుకున్నాక వచ్చిన కబురు. ఆ జట్టులో ఇతని స్థానమైన హుకర్‌గా ఎప్పుడూ ఆడేవాడు కాలు విరగ్గొట్టుకోబట్టి వచ్చిందే అనుకోండి, అయినా పిలుపు పిలుపే. ఈ శనివారం డబ్లిన్‌లో ఆ ఆకుపచ్చ జెర్సీ వేసుకోవాలంటే ముందు ఈ గదిలో తల దెబ్బ పరీక్ష గట్టెక్కాలి.

"లేచి నిలబడు. ఒక పాదం వెనక ఇంకో పాదం. చేతులు నడుం మీద. కళ్ళు మూసుకో."

కోర్మక్ నూరు కిలోల పైమాటే. స్క్రమ్‌లో, బంతి కోసం రెండు జట్లూ తలలు దించి తోసుకునేచోట, ఎనిమిదిమంది ఎదురు తోసినా పాదం జరపని మనిషి. ఇప్పుడు ఎవరూ వేలుపెట్టి ముట్టుకోకుండానే తూలి, పక్కనున్న బల్ల పట్టుకున్నాడు.

డాక్టర్ కంప్యూటర్ మీద ఏదో కొట్టింది. కోర్మక్ కుర్చీలో కూలబడ్డాడు.

"నా పని అయిపోయినట్టేనా, డాక్టర్?"

"ఎందుకంత బెంగ? ఇక్కడ ఎవరి లెక్క వాళ్ళదే. సీజన్ మొదలవకముందు, జూలైలో, ఏ దెబ్బా లేనప్పుడు మీ అందరికీ ఇదే పరీక్ష పెట్టాం కదా. ఎవరినైనా దానితోనే పోలుస్తాం." ఆవిడ తెర అతని వైపు తిప్పింది. "అప్పుడెంతో ఇప్పుడూ అంతే. నీ జ్ఞాపకశక్తి మొదట్నించీ అంతంతమాత్రం, దానికి నేనేం చెయ్యను? వెళ్ళి ఆడుకో."

"ఏమీ తేడా లేదా?"

"రవ్వంత కూడా లేదు."

"సరిగ్గా చూశారా?"

"పాసయ్యావంటే సరిగ్గా చూశారా అని అడిగినవాణ్ణి నిన్నే చూస్తున్నానయ్యా!" అని నవ్వుతూ చెయ్యి కలిపింది ఆవిడ. "శనివారం మా ఇంట్లో అందరం టీవీ ముందే."

వరండాలో బెంచీ మీద కూర్చుని ఫిన్‌బార్ శాండ్‌విచ్ తింటున్నాడు. స్క్రమ్‌లో పదేళ్ళుగా కోర్మక్ భుజానికి భుజం కలిపి తోస్తున్నవాడు. తిండి దగ్గరా, మాట దగ్గరా మొహమాటం ఎరగడు.

"ఆ మొహమేంట్రా, ఎవరో పోయినట్టు?"

"పాసయ్యాను."

ఫిన్‌బార్ శాండ్‌విచ్ బెంచీ మీద పడేసి, స్నేహితుణ్ణి అమాంతం ఎత్తేశాడు. అదే సమయానికి కోర్మక్ ఫోను మోగింది. ఫిన్‌బారే లాక్కున్నాడు.

"ఆడుతున్నాడమ్మా మీవాడు!" అని వరండా అంతా వినబడేలా అరిచి, ఫోను కోర్మక్ చెవికి ఆనించాడు.

అవతల తల్లి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. "నాయనా, మీ మామయ్యలకి కూడా రైలు టిక్కెట్లు తీస్తున్నా. పెద్ద మామయ్య కొత్త కోటు కొంటాట్ట! ఒరేయ్, మాట్లాడవేంట్రా?"

"సరే అమ్మా," అన్నాడు కోర్మక్. ఫోను పెట్టేశాడు.

ఇన్నేళ్ళూ ఈ ఒక్క ఫోను కోసమే ఎదురుచూశాడు. తీరా వచ్చాక, ఆవిడ సంతోషం వినలేకపోయాడు. ఎంత పని చేశాను, ఎంత బుద్ధితక్కువ పని చేశాను అనుకున్నాడు.

ఫిన్‌బార్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"చూశావా? జూలైలో కావాలని నాలుగు తప్పులు చెప్పరా, రేపెప్పుడైనా తలకి తగిలినా తేడా కనబడదు అని నేనంటే, మోసం కదరా అని నీళ్ళు నమిలావు. డ్రెస్సింగ్ రూములో చెయ్యనివాడెవడు? ఇవాళ ఎలా అక్కరకొచ్చిందో చూడు!"

కోర్మక్ బెంచీ వైపు చూశాడు. జూలైలో ఆ ఉదయం పరీక్ష అయ్యాక, ఇదే బెంచీ మీద ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుకున్నారు.

"ఇందాక నా భయమల్లా ఒకటేరా," అన్నాడు ఫిన్‌బార్. "ఇవాళ మరీ బాగా చెప్పేస్తే జూలై నాటకం బయటపడుతుంది కదా! తలుపు అద్దంలోంచి చూస్తూనే ఉన్నా. ఆ తడబాటు, ఆ తూలడం... అచ్చం అప్పటిలాగే చేశావు. అబ్బ, ఏం నటనరా బాబూ!"

కోర్మక్ వెనక్కి తిరిగి డాక్టర్ గది తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

ఫిన్‌బార్ ఒక్క ఉదుటున లేచి అతని భుజం పట్టుకున్నాడు. "ఎక్కడికిరా? ఆవిడకి చెప్పేస్తావా? పిచ్చా నీకు? శనివారం పోతుందిరా! ఇంకోసారి నిన్నెవడు పిలుస్తాడు?"

"ఎవడూ పిలవడు," అన్నాడు కోర్మక్. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మరి? అంత బాగా నటించి గెలిచినవాడివి..."

"నటించింది జూలైలోరా, ఫిన్‌బార్. ఇవాళ నటించలేదు."