డబ్బాలో గ్యాస్ మాత్రలు

“బిస్కెట్ల డబ్బా ఇచ్చేయండి అత్తయ్యా. బిస్కెట్లు మెత్తబడిపోతున్నాయి.”

“మెత్తబడితే మరీ మంచిది. నాకు పళ్లెక్కడున్నాయి?”

“మంచం కింద దాచుకోవడానికి అదేమన్నా నగల పెట్టెనా?”

“మూడు వారాలాగు. నేనే ఇస్తాను.”

కోడలు బిస్కెట్లను గిన్నెలో పోసి, పక్కగదికి వినపడేలా మూత పెట్టింది.

అత్తగారికి కుడి మోకాలి కీలు మార్చి ఏడాదయింది. ఆరునెలలుగా అది వాస్తోంది, సెగలు కక్కుతోంది. లోపల చీము పట్టిందేమో, కాలు దక్కదేమోనని ఆవిడ భయం.

ఆపరేషన్ చేసిన డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూశాడు. కీలు బ్రహ్మాండంగా కూర్చుందన్నాడు. నాలుగువందల మోకాళ్లు మార్చాడట, ఒక్కటీ చెడలేదట. మోకాలిలో నీరు తీసి రెండుసార్లు పరీక్షకి పంపాడు. రెండుసార్లూ క్రిములు లేవనే వచ్చింది. నొప్పి వయసు వల్లనన్నాడు.

“ఎడమ మోకాలికీ అదే వయసుగా. దానికి నొప్పి లేదేం?”

డాక్టరు గడియారం చూసుకున్నాడు.

ఇంట్లో కొడుకు మాత్రం రోజూ పొద్దున్నే నీళ్లగ్లాసుతో వచ్చేవాడు. “గ్యాస్ మాత్రమ్మా, వేసుకో,” అని అరచేతిలో పెట్టేవాడు. రేకు ఉండేది కాదు, మాత్ర ఒక్కటే.

డబ్బా గొడవకి ముందురోజే ఆవిడ, బ్యాంకులో పనుందని చెప్పి, ఒంటరిగా ఇంకో ఆస్పత్రికి వెళ్లింది. సూది గుచ్చేముందు నర్సు అడిగింది.

“మందులేమన్నా వాడుతున్నారా పెద్దమ్మా?”

“గ్యాస్ మాత్ర. అంతే.”

ఆ పూటది రుమాల్లోనే ఉంది. ఖాళీ కడుపున మింగబుద్ధి కాలేదు. నర్సు ఆ గొట్టం మాత్ర మీది అక్షరాలు చదివింది.

“ఇది గ్యాస్‌కి కాదు, క్రిములకి. ఇది పడుతుంటే ఉన్న క్రిములు కూడా పరీక్షకి దొరకవు. రెండు వారాలు మానేసి రండి. ఆ తర్వాత వారానికి ఫలితం తెలుస్తుంది.”

ఆవిడ మానేసింది. కొడుకు ఇచ్చింది బుగ్గన పెట్టుకుని, నీళ్లు తాగి, అతను అటు తిరగ్గానే డబ్బాలో వేసేది.

రెండు వారాలకి మళ్లీ వెళితే అక్కడ నీరు తీశారు. ఇంకో వారానికి ఫోనొచ్చింది. క్రిములున్నాయి. కీలు తీసి, శుభ్రం చేసి, కొత్తది వేయాలి.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నాక ఆవిడ డబ్బా తెచ్చి కోడలి ముందు పెట్టింది.

“ఇదిగో నీ డబ్బా. కడిగి వాడుకో.”

కోడలు మూత తీసింది. ఇరవైరెండు గొట్టం మాత్రలు. అన్నం కలుపుతున్న కొడుకు చెయ్యి ఆగింది.

“మోకాలికి మళ్లీ ఆపరేషనట,” అంటూ ఆవిడ మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కుంది. “ఈసారి వేరే డాక్టరు చేత కోయించుకుంటాను నాన్నా, నువ్వు కోసింది చాలు.”