ఇరవై ఆరు మీటర్లు

"టెంపో నలభై స్పీడులనే ఉండె అని రాయి బిడ్డా," అన్నాడు నాయిన. ఆయన సేటు దగ్గర డ్రైవరు. కాసేపట్లో పోలీసు స్టేషనులో ఇవ్వాల్సిన బయాను, అంటే వాంగ్మూలం, నాతో హిందీలో రాయిస్తున్నాడు.

నాయిన పేరుతో మొదలయ్యే 'అంబదాస్ అనే నేను' దగ్గరే నా పెన్ను ఆగిపోయింది.

బమ్రోలి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు పడిన టైరు గీతల్ని నిన్ననే టేపుతో కొలిచి వచ్చాను. ఇరవై ఆరు మీటర్లున్నాయి. ఆ గీతల చివరే టెంపో సైకిలాయనను గుద్దింది. ఆయనకింకా స్పృహ రాలేదు.

"నలభై అంటే సెకండుకు పదకొండు మీటర్లు నాయినా. గట్టిగ బ్రేకేస్తే పది మీటర్లకే ఆఖరి వేగం సున్న." లెక్క చేసిన నోటుబుక్కు ఆయన ముందు పెట్టాను. "బండి ఆడనే ఆగాలె. సైకిలాయన దాంక పోనే పోదు."

"నీ పదకొండో క్లాసు బుక్కు పోలీసులు సదివిన్రా ఏంది?" అని నవ్వబోయాడు.

"నాతోని గూడ అబద్ధమేనా? అరవై దాటిచ్చి తోలినవ్ నువ్వు!"

అరిచేసరికి నాకే ఏడుపొచ్చింది. నాయిన కోప్పడలేదు. నా అంకెల మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

"అరవయ్యా?" అన్నాడు మెల్లగా. "నేను గా బండ్ల ఉంటె గద బిడ్డా, నాకెరుకయ్యేది. సేటు కొడుకు నలభై అన్నడు, నేను నలభై అంటున్న. జల్దీ రాయి. గీ రూము గూడ సేటుదే."