బయటి గొళ్ళెం

“బయటెందుకమ్మా గొళ్ళెం? లోపల ఉందిగా.” కూతురు అడగడం ఇది మూడోసారి.

“లోపలిది మీ నాన్నకి పనికిరాదు,” అంది తల్లి.

వడ్రంగి డ్రిల్లు పక్కన పెట్టి గడపలోనే కూర్చున్నాడు. “ముందు మీరూ మీరూ తేల్చుకోండమ్మా. ఊరికే చిల్లులు పెడుతూ పోతే తలుపు జల్లెడవుతుంది.”

“బయటే పెట్టు.”

వెనకగది తలుపు పక్కనే తండ్రి నిలబడి ఉన్నాడు. స్క్రూలు అరచేతిలో పోసుకుని, వడ్రంగికి ఒక్కొక్కటే అందిస్తున్నాడు. అది చూసి కూతురికి ఒళ్ళు మండిపోయింది.

“ఇంటికొచ్చి పది రోజులు కాలేదు, అప్పుడే అడ్డమైపోయాడా నీకు? మనిషిని గదిలో తోసి గొళ్ళెం పెట్టడానికి ఆయనేం తప్పు చేశాడు?”

“ఏమీ చెయ్యలేదు.”

“మరి?”

తల్లి గొళ్ళెం ఎక్కడ పెట్టాలో వడ్రంగికి వేలితో చూపించింది.

“అక్కా, నువ్వు పొద్దున్నేగా వచ్చావు. నీకు తెలీదు,” అన్నాడు తమ్ముడు.

“నువ్వు నోర్ముయ్. అమ్మ ఏం చేసినా తలూపడమేగా నీ పని. ఇలా బంధిస్తే కేసవుతుంది, తెలుసా? నేనే వెళ్తా కోర్టుకి.”

తల్లి నవ్వింది. చూడ్డానికి బాగాలేదు ఆ నవ్వు. “వెళ్ళు తల్లీ. తీర్పొచ్చేసరికి నీ పిల్లలకి పెళ్ళిళ్ళయిపోతాయి.”

అంతలో తండ్రి బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు. “బాత్రూంకి వెళ్ళొచ్చా?”

ఆయన చెయ్యి దించలేదు.

“వెళ్ళండి,” అంది తల్లి. అప్పుడు గానీ ఆయన కదల్లేదు.

“చూశావా ఎంత హడలగొట్టావో!” అంది కూతురు. “ఇవాళే నాతో తీసుకెళ్ళిపోతాను. ఇక్కడుంచితే చంపేసేలా ఉన్నావు.”

వడ్రంగి పని ముగించుకుని వెళ్ళాడు. తల్లి గుమ్మంలో రాలిన చెక్కపొట్టు ఊడ్చి, చేతులు కడుక్కుని, అందర్నీ హాల్లోకి పిలిచి, గొంతు పెంచకుండా చెప్పింది.

“ఏ తప్పూ చెయ్యలేదని తేల్చడానికి మీ నాన్నని పదహారేళ్ళు జైల్లో ఉంచారు, ఇప్పుడు బయటినుంచి గొళ్ళెం పడ్డ చప్పుడు వింటేగానీ ఆయనకి నిద్ర పట్టడం లేదు, అందుకని ఇవాళ్టి నుంచి నేనూ ఆ గదిలోనే పడుకుంటాను, గొళ్ళెం మీలో ఎవరో ఒకరు వెయ్యండి.”