ఎదిగే పిల్లల కొలత

“బిడ్డని ఎవరికి పడితే వాళ్ళకి ఇచ్చేస్తామామ్మా? ఉండండి, కాయితాలు చూడాలి,” అంది చల్లగది గుమస్తా.

“ఎవరికి పడితే వాళ్ళకేంటండీ? నేను తల్లిని!” అంది టైలరమ్మ.

ఆ గుమస్తాని ఆస్పత్రిలో అందరూ ‘ఐసుగడ్డ’ అంటారు. గడ్డకట్టించి దాచిన పిండాల ట్యాంకులకి కాపలా ఆవిడ పని. నవ్వు కూడా ఆ ట్యాంకుల్లోనే ఎక్కడో పెట్టి మర్చిపోయిందని నర్సులు చెప్పుకుంటారు.

నెల కిందట కోర్టు తీర్పు చెప్పింది, గడ్డకట్టిన పిండం కూడా బిడ్డేనని. ఆ మాట విని టైలరమ్మ ముందు మురిసిపోయింది. తీరా చూస్తే, దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వనట్టు డాక్టర్లు అడ్డం తిరిగారు. కరిగించేటప్పుడు పిండానికి ఏమన్నా అయితే హత్య కేసు మెడకి చుట్టుకుంటుందని, కడుపులో పెట్టడమే మానేశారు.

ఆ ట్యాంకులో ఆమెకి మిగిలింది ఒక్కటంటే ఒక్కటే. వచ్చే నెలకి ఆమెకి నలభై అయిదు నిండుతాయి, ఆ తర్వాత ఈ తీర్పు చెల్లని సరిహద్దు అవతలి ఆస్పత్రి వాళ్ళు కూడా చెయ్యరు. “బిడ్డే అయితే తల్లి తీసుకుపోతానంటే ఆపే హక్కు ఎవరికుంది?” అని లాయరు దారి చూపించాడు. భర్త ముందే వెళ్ళి ఆ ఊళ్ళో గది చూసుకుని ఎదురుచూస్తున్నాడు. రైలుకి గంటన్నర ఉంది.

“తండ్రి సంతకం?”

“ఇదిగోండి.”

“అవతలి ఆస్పత్రి వాళ్ళ ఉత్తరం?”

“ఇదిగో.”

“మీ గుర్తింపు కార్డు?”

“మీ చేతిలోనే ఉంది కదండీ.”

ఐసుగడ్డ కార్డు వంక చూసి పక్కన పెట్టింది. “రైల్లో ఏ సీటు?”

“కిటికీ పక్కది.”

“కిటికీ పక్కనైతే ఎండ పడదూ?”

టైలరమ్మకి ఒళ్ళు మండింది. ఎండ సంగతి ఏ కాయితంలో రాసుందట! “పడితే నేను అడ్డం కూచుంటాలెండి.”

“బిడ్డని పెట్టిచ్చే చలి క్యాన్‌ని కింద పెడతారా, పైన పెడతారా?”

“ఒళ్ళో పెట్టుకుంటాను.”

“పద్నాలుగు గంటల ప్రయాణం. మధ్యలో నిద్రొస్తే?”

“పదకొండేళ్ళుగా కంటినిండా నిద్రపోయిందెప్పుడు? ఇవాళే వస్తుందా!”

వీధిలో పిల్లలందరి గౌన్లూ ఆమె చేతి కుట్టే. ప్రతి గౌనూ పూర్తయ్యాక, ఎవరూ చూడకుండా ఒకసారి చిన్న చేతుల్లోంచి తన వేళ్ళు పోనిచ్చి బయటికి తీస్తుంది. ఎన్ని వందల గౌన్లో. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తన ఇంట్లో తీగ మీద ఆరేసుకోవాలని ఆశ.

ఐసుగడ్డకి ఇవేం పట్టినట్టు లేదు. క్యాన్ కోసం టైలరమ్మ కుట్టి తెచ్చిన దూది తొడుగుని తడిమి చూసింది. పట్టీ లాగింది. అడుగున కుట్లు గోటితో గీకింది.

“వదులుగా ఉందేంటి? కొలత తప్పారా?”

“ఇరవయ్యేళ్ళ నుంచి కత్తెర పట్టిన చెయ్యండీ, కొలత తప్పుతుందా? ఎదిగే పిల్లల గుడ్డలు కాస్త వదులుగానే కుడతాను. ఇదీ అలాగే వచ్చేసింది.”

“అలాగా,” అని ఐసుగడ్డ మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. మళ్ళీ ఫైలు తిప్పింది. “స్టేషన్‌కి ఆటోలో వెళ్తారా? గుంతలున్నాయి, మెల్లగా పోనివ్వమనండి.”

టైలరమ్మ ఓపిక అయిపోయింది. “ఏంటండీ ఈ చాదస్తం! మీకూ పిల్లలుంటే తెలిసేది నా ఆత్రం!”

అనేశాక నాలుక కరుచుకుంది. ఐసుగడ్డ ఫైలు మూసింది.

“మాకు సెలవుల్లేవమ్మా,” అంది, అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన లేకుండా. “కేసులన్నీ తేలేదాకా చల్లగదిలో పనిచేసేవాళ్ళు ఊరు దాటకూడదని ఆర్డరు.”

లేచి క్యాన్ పట్టుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది. పది నిమిషాలైంది. ఇరవై అయింది. పిండం ఉన్న ఒక్క సన్నటి స్ట్రా గొట్టం తీసి క్యాన్‌లో పెట్టడానికి ఇంతసేపా? చెయ్యి జారిందేమో, జారినా చెప్పదేమో, అనుకుంటూ టైలరమ్మ తలుపు దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళి వెనక్కొచ్చింది.

ఐసుగడ్డ బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“లోపల ఆవిరి,” అంది, ఎవరూ అడక్కుండానే. క్యాన్‌ని తొడుగులో దింపి, పట్టీ టైలరమ్మ భుజానికి తగిలించి బిగించింది. “నిలువుగా ఉంచండి. ఎవరడిగినా మూత తియ్యొద్దు. చలి అయిదు రోజులు నిలుస్తుంది. వంతెన మీద రైలు బాగా కుదుపుతుంది, రెండు చేతులా పట్టుకోండి.”

“అన్నీ గుర్తున్నాయండీ. ఇక వదలండి, రైలెళ్ళిపోతుంది!”

ఐసుగడ్డ చెయ్యి మాత్రం క్యాన్ మీదే ఉంది. రెండో చేత్తో జేబులోంచి మడతపెట్టిన కాయితం తీసి టైలరమ్మ గుప్పిట్లో పెట్టింది.

“అవతలి డాక్టరుకి ఇవ్వండి. తల్లీతండ్రీ ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.”

“నావి ఇందాకే ఇచ్చాగా! మళ్ళీ ఇదెవరిది?”

“పచ్చ స్ట్రా మీ బిడ్డ. ఎర్రది నాది,” అంది ఐసుగడ్డ. “సెలవు దొరకగానే పరిగెత్తుకొస్తాను. అప్పటిదాకా పెద్దమ్మవి నువ్వే అక్కా.”