ఊర్మిళ నోరు విప్పుతుందా?

సరిగ్గా సీరియల్ మొదలయ్యే వేళకు టీవీలో బొమ్మ ఆగిపోయింది. కాసేపటికి అదీ పోయింది. నల్లటి తెర మీద ‘సిగ్నల్ లేదు’ అన్న ముక్క మిగిలింది.

“మహేష్‌కు ఫోన్ కొట్టు, జల్దీ!” లింగం కుర్చీలోంచి లేచి అరిచాడు.

కొత్త కోడలు తనుశ్రీ కేబుల్ మహేష్‌కు ఫోన్ చేసింది. మురుగునీటి మోరీ పనికి గల్లీ తవ్వుతున్న జేసీబీ వైరు తెంపేసిందట. పొద్దున దాకా ఏమీ రాదట.

లింగం ఫోన్ లాక్కున్నాడు. “పొద్దుగాల వస్తే ఎవనికి కావాల్రా? పొద్దుగాల ఏముంటది?”

పాపం, మహేష్‌కేం తెలుసు? ఆ రోజు ఆఖరి ఎపిసోడ్.

ఆ చానల్ సంగతి బీరంగూడలో ఆడవాళ్లందరికీ తెలిసిందే. పెట్టిన కొత్తలో సొంతంగా సీరియళ్లు తీసే స్తోమత లేక, హిందీవి తెచ్చి తెలుగు మాటలు అతికించి వేసేది. మనుషులు అక్కడివాళ్లు, మాటలు ఇక్కడివి. అయినా జనం ఎగబడి చూశారు. చానల్ బలిసింది. ఇప్పుడు దానికి సొంత సీరియళ్లు, డాన్సు పోటీలు, వంటల పోటీలు. సోమవారం నుంచి డబ్బింగ్ సీరియళ్లన్నీ బంద్ అని తెర కింద అక్షరాలు పరిగెడుతూనే ఉన్నాయి. కథ ఎక్కడుంటే అక్కడే కట్.

మరి కథ ఎక్కడుంది? సీరియల్ కథానాయిక ఊర్మిళ ఆస్పత్రిలో ఉంది. కోమా. వారమంతా ఒక్క మాట లేదు. చుట్టూ అత్తలూ ఆడబిడ్డలూ ఏడవడం, ఉరుముల చప్పుడు, మళ్లీ ఏడవడం. ఇవాళైనా ఊర్మిళ నోరు విప్పుతుందా, లేక అలా పడుకునే మాయమైపోతుందా? ఇదీ లింగం ప్రాణం మీదికి వచ్చిన సంగతి.

నవ్వొస్తుంది కదూ! ఫ్యాక్టరీలో యూనియన్ లీడరుగా మేనేజర్లను గడగడలాడించిన మనిషి. వార్తలు తప్ప ఏదీ చూసేవాడు కాదు. సీరియల్ పిచ్చి భార్య రాధమ్మది. ఆర్నెల్ల కిందట ఓ సాయంత్రం చాయ్ గ్లాసుతో టీవీ ముందు నుంచి పోతూ పోతూ నిలబడిపోయాడు. చేతిలో చాయ్ చల్లారింది. అప్పటి నుంచి సీరియల్ టైముకు ఇల్లు కదలడు. మధ్యలో ఎవరైనా మాట్లాడితే కసురుతాడు. పోనీ కళ్లార్పకుండా చూస్తాడా అంటే, సగంసేపు కళ్లు మూసుకునే ఉంటాడు.

“మామా, గట్ల పరేషాన్ గాకుండ్రి,” తనుశ్రీ ఫోన్‌లో ఏదో పెట్టి తెచ్చింది. “తెలుగుది ఫోన్ల రాదు గని, హిందీది ఉన్నది. ఊర్మిళకు ఏం గాదు. గిదో సూడుండ్రి, కండ్లు తెరిచి మాట్లాడుతున్నది. గియ్యాల మనకు గింత దాకా వస్తదో రాదో మరి.”

లింగానికి హిందీ బాగానే వచ్చు. ఫోన్ తీసుకుని రెండు మాటలు విన్నాడు. తిరిగి ఇచ్చేశాడు.

“గిది నాకొద్దు.”

“ఈమెనే గద మామా ఊర్మిళ!”

“ఒద్దన్న గదా!”

తనుశ్రీ బిత్తరపోయి వెనక్కి తగ్గింది. మూలన కూర్చున్న రాధమ్మ గోడకేసి చూస్తూ అంది. “భీమశంకరం సారోళ్లింట్ల డిష్ ఉన్నది. దానికి వైరుతోని పనిలేదు.”

అన్నాక తన మాటకు తనే భయపడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

భీమశంకరం కోస్తా నుంచి ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. ఏడేళ్లుగా ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. వాళ్ల గడప తొక్కితే తన కాళ్లు తనే నరుక్కుంటానని లింగం గల్లీ మధ్యలో నిలబడి ఒట్టేశాడు.

లింగం గోడ గడియారం వంక చూశాడు. చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచాడు.

జేసీబీ చుట్టూ మూగినవాళ్లు అతను పోయే దిక్కు చూసి హడలిపోయారు.

“లింగన్న గాడికి పోతుండేందిరా? ఇగ కొట్లాటే!”

ఇద్దరు ముగ్గురు అడ్డుపడదామని వెంట పడ్డారు. వాళ్ల వెనక రాధమ్మ.

తలుపు తీసిన భీమశంకరం మొహం పాలిపోయింది.

“ఊర్మిళ...” అన్నాడు లింగం. చేత్తో లోపలి టీవీ వైపు చూపించాడు.

భీమశంకరం గబుక్కున పక్కకు జరిగాడు. “రండి, లోపలికి రండి. ఇందాకే మొదలైందండి.”

ఆయన భార్య కమలాకుమారి కుర్చీ లాగి టీవీకి దగ్గరగా వేసింది. సౌండు పెంచింది.

తెర మీద అదే మంచం, అదే ఏడుపు. తర్వాత ప్రకటనలు. సబ్బు, బంగారం కొట్టు, అమీన్‌పూర్‌లో ప్లాట్లు. మళ్లీ మంచం. డాక్టర్ పెదవి విరిచాడు. లింగం కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు.

“అయిపాయె... ఇగ అయిపాయె,” అని గొణిగాడు.

అప్పుడు కదిలాయి ఊర్మిళ పెదవులు.

“నాన్నా... నన్ను ఇంటికి తీసుకుపో.”

లింగం కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మూసిన కళ్లలోంచే నీళ్లు గడ్డం మీదికి కారాయి. “పోదాం బిడ్డా,” అన్నాడు పైకే. “నేనే వస్త. నేనే తోల్కపోత.”

గుమ్మంలో నిలబడ్డవాడొకడు కిసుక్కున నవ్వాడు. రాధమ్మ వాడి వైపు ఉరిమి చూసింది.

ఆ హిందీ పిల్ల నోట ఇన్నాళ్లూ తెలుగులో మాట్లాడుతున్న గొంతు, ఈ భీమశంకరం కొడుకును పెళ్లి చేసుకుందని ఏడేళ్ల కిందట లింగం ఇంట్లోంచి వెళ్లగొట్టిన కూతురు హరిచందనది.