బటన్ పాఠం

“మేడమ్, ఈ బటన్ ఎప్పుడు పనిచేస్తుంది?” అని ఒక అమ్మాయి అడిగింది.

మేడమ్ తెర వంక చూసింది. తెర మీద వెబ్ పేజీ ఉంది. దానికి శీర్షిక ఉంది, రంగుంది, గళ్ళ పట్టిక ఉంది, అడుగున నున్నగా ఒక బటన్ కూడా ఉంది. నొక్కితే మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“వచ్చే వారం చూద్దాం. ముందు పట్టికలు బాగా రానివ్వండి.”

క్లాసంతా నిట్టూర్చింది. పట్టికలు వాళ్ళకి నిద్రలో లేపి అడిగినా వచ్చు. మేడమ్‌కీ అంతవరకే వచ్చు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆవిడ అసలు బోటనీ మేడమ్. ఏళ్ళ తరబడి ఆకులూ వేళ్ళూ చెప్పుకుని హాయిగా బతికిన మనిషి. ఈ ఏడు డిగ్రీలో బోటనీకి ఒక్కరంటే ఒక్కరు చేరలేదు. సరిగ్గా అప్పుడే వెబ్ పేజీలు చెప్పే కుర్ర లెక్చరర్ ఇంకెక్కడో ఉద్యోగం దొరికి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. ప్రిన్సిపాల్ ఈవిణ్ణి పిలిచి, “చెట్టుకీ కొమ్మలే, వెబ్ పేజీకీ కొమ్మలే. మీకిదెంత పని?” అన్నాడు. కాదంటే ఇంటికెళ్ళమని దానర్థం. భర్త నడుం పట్టేసి పని మానేశాక ఇల్లు ఆవిడ జీతం మీదే నడుస్తోంది. సరేనంది.

పుస్తకం కొంది. మొదటి పాఠాలు ఎలాగో నెట్టుకొచ్చింది. ఆ తర్వాత కొరుకుడు పడలేదు. వీడియోలు పెట్టుకుంది. ఆ చెప్పేవాడు రైలుకి టైమైపోతున్నట్టు చెప్పుకుపోతాడు, ఆగు నాయనా అంటే వినడు. చివరికి పరువు చంపుకుని, ఊరికి ఆ కొసనున్న చిన్న కంప్యూటర్ సెంటర్లో సాయంత్రం కోర్సుకి చేరింది. లెక్చరర్నని చెప్తే నవ్విపోతారని, “ఇంట్లో తోచక నేర్చుకుంటున్నానండీ” అంది.

అక్కడ కుర్చీలు ఊగుతాయి. ఫ్యాను తిరుగుతోందో ఆలోచిస్తోందో తెలీదు. పొద్దున నిలబడి చెప్పడం, సాయంత్రం కూర్చుని వినడం. కాళ్ళు పీకేవి, కళ్ళు మండేవి. బస్సులో కిటికీకి తల ఆనిస్తే చాలు, దిగాల్సిన స్టాపు దాటిపోయేది.

“ఆ సారైనా బాగా చెప్తాడా?” అన్నాడు భర్త, చల్లారిపోయిన కంచం ఆవిడ ముందుకు జరుపుతూ.

“బంగారంలాంటి మనిషి. విసుక్కోడు. పేజీ కూడా మొక్కలాంటిదే, కనబడని వేరు బాగుంటేనే పైన పువ్వు నిలుస్తుంది అన్నాడు మొన్న. అచ్చం నేను చెప్పినట్టే ఉంది.”

“మరి బటన్?”

“వచ్చే వారమట.”

వారాలు గడిచాయి. సార్ పట్టికలు దాటడు. పట్టికలో పట్టిక, పట్టికకి అంచు, అంచుకి రంగు. ఆ రంగు మార్చి మళ్ళీ అదే పాట. పొద్దున ఆవిడ కూడా అదే అప్పజెప్పేది. పిల్లలు ఆవలించేవాళ్ళు. వాళ్ళ మీద కోపం కూడా వచ్చేది కాదు, తనకే ఆవలింత వచ్చేది.

శుక్రవారం ప్రిన్సిపాల్ వరండాలో ఆపాడు.

“సోమవారం మీ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుంటాను. పిల్లల పేజీలో బటన్ నొక్కి చూస్తాను. పనిచెయ్యలేదనుకోండి, మీరేం అనుకోవద్దు, వేరేవాళ్ళని చూసుకుంటాం.”

ఆ సాయంత్రం క్లాసయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆవిడ ఆగింది. సార్ ఒక్కో కంప్యూటరూ ఆపుకుంటూ వస్తున్నాడు. అప్పుడు గమనించింది, ఆయన మొహమూ తన మొహంలాగే పీక్కుపోయి ఉంది.

“సార్, నేను తోచక రావడం లేదు. ఒకచోట పనిచేస్తున్నాను. సోమవారంలోగా బటన్ సంగతి తెలియకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. మీకు పుణ్యముంటుంది, ఆ ఒక్క పాఠం ఇవాళ చెప్పండి.”

ఇన్నాళ్ళ అలసటా ఒక్కసారి కళ్ళలోకి వచ్చేసింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు ఆవిడకి.

సార్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. కాసేపు కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచాడు.

“మీ దగ్గర దాచి ఏం లాభం లెండమ్మా. నాకూ రాదు. నేను టైపు నేర్పేవాణ్ణి. టైపుకి జనం రావడం మానేశాక బోర్డు మార్చాను. పుస్తకం చూసి కొంత లాక్కొచ్చాను. మా అమ్మాయి డిగ్రీలో ఇదే చదువుతోంది. రోజూ కాలేజీ నుంచి రాగానే ఆ పూట పాఠం నాకు చెప్తుంది, నేనొచ్చి మీకు చెప్తాను.”

ఆవిడ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. కోపం రాలేదు. పైగా ప్రాణం కాస్త కుదుటపడింది. ఇంకా శని, ఆదివారాలు చేతిలో ఉన్నాయి.

“పోనీ మీ అమ్మాయినే అడుగుతాను సార్. ఈపాటికి వాళ్ళ కాలేజీలో బటన్ చెప్పేసే ఉంటారుగా?”

సార్ నీరసంగా తల అడ్డంగా ఊపాడు.

“ఎక్కడమ్మా, వాళ్ళకి వెబ్ పేజీలు చెప్పేది ఎవరో బోటనీ మేడమట, ఎప్పుడడిగినా వచ్చే వారం అంటోందట.”