ఎవరు ముందు తాగాలి

"ఈ బావి వదిలి ఎప్పుడు పోతారో అడుగు," అన్నాడు గ్యాస్ కంపెనీ ఆఫీసరు, సర్కారు భాష అమ్హారిక్‌లో.

కంపెనీ దుబాసీ హిర్సి దాన్ని తనవాళ్ల సోమాలీలో అడిగాడు. అతని పెదనాన్న వర్ఫా ఒంటికాలి మీద నిలబడి, మడిచిన మోకాలిపై గిన్నె నిలిపి ఒంటె పాలు పితుకుతున్నాడు.

"మీ తాత తవ్విన బావిరా ఇది! అడిగితే పగవాడికైనా నీళ్లు పోస్తాం. మన ఓగాదెన్ నేల కింది గ్యాసు తోడుకుపోతూ మనల్ని అడిగిందెవరు? కదలమని చెప్పు. ఒక్క ముక్క మింగావంటే ఊరుకోను."

హిర్సి నుదుటి చెమట తుడుచుకున్నాడు. "పరిహారం కాస్త పెంచితే పోతారట సార్."

ఆఫీసరు మొహం విప్పారింది. గుండెమీద చెయ్యేసుకుని ముసలాయనకు తల వంచాడు.

వర్ఫా చేతులు ఆగిపోయాయి. "నేను తిడితే వీడు మురిసిపోతాడేంట్రా? ఏం చెప్పావు?"

"నువ్వు చెప్పిందే, పెదనాన్నా." హిర్సి తల ఎత్తలేదు.

ముసలాయన పితకడం ఆపి కాలు దించాడు. నురగ పాలు రెండు గిన్నెల్లో పోసి, ఒకటి ఆఫీసరుకిచ్చాడు. రెండోది హిర్సి చేతిలో పెట్టాడు.

"నాకెందుకిప్పుడు? వచ్చినవాళ్లు తాగాక ఇంట్లోవాళ్లతో తాగుతాగా, ఎప్పట్లాగే."

"ఇంటివాళ్లం తర్వాత తాగుతాం. ముందు మీరిద్దరూ కానివ్వండి."

"ఏమంటున్నాడు?" అన్నాడు ఆఫీసరు.

"ఇంటివాళ్లు తర్వాత తాగుతారట. ముందు మనిద్దర్నీ కానివ్వమంటున్నాడు."

ఈసారి హిర్సి ఒక్క ముక్క కూడా మింగలేదు.